రెండో సూది

సింధూర రెండు గాజు గొట్టాలను పక్కపక్కన పెట్టి ట్యూబులైటు వెలుగుకు ఎత్తి పట్టుకుంది. ఒకదాంట్లో ద్రవం తేటగా ఉంది. రెండోదాంట్లో బియ్యం కడిగిన నీళ్లలాగా తెల్లగా మడ్డి కట్టింది.

"తేటగా ఉన్నది నా సీరం. మడ్డి కట్టింది రమణమూర్తి గారిది. రెండింట్లోనూ ఒకే మందు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను," అంది.

ఇంతకీ ఇది మంచా చెడ్డా అని అడిగాడు లోకనాథ్. పాపం, ఆయనకు వేలిముద్రల సంగతి అడిగితే గంటలు గంటలు చెబుతాడు గానీ రక్తం సంగతి అంతంతమాత్రం. పోలీసు క్లూస్ టీములో పనిచేస్తూ పైవాళ్లతో పడక బయటికొచ్చి, టెక్కలిలో డిటెక్టివ్ ఏజెన్సీ అని బోర్డు కట్టాడు. వచ్చే కేసుల్లో ముప్పాతిక పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలే. సింధూర విశాఖలో పెద్ద ల్యాబులో పనిచేసి, సొంతూరికొచ్చి ల్యాబు పెట్టుకున్న మనిషి. అందుకే ఆయన ఈ గడప తొక్కాడు.

కేసు చూస్తే ఎవరికీ కేసులా కనపడదు. ఉద్దానంలో పేరున్న రైతు రమణమూర్తి, కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతుకుతున్న మనిషి, మొన్న సోమవారం పలాసలో డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చాడు. భోజనానికి కూర్చున్నాడు. కాసేపట్లో ఒళ్లంతా దద్దుర్లు, మొహం వాపు, గొంతు మూసుకుపోవడం. ఆస్పత్రి దారిలోనే ప్రాణం పోయింది. కంచంలో ఎండు కవళ్లు ఉన్నాయి. ఆ చేపలు అమ్మిన అక్కుపల్లి దాలమ్మను ఇన్‌స్పెక్టర్ భాస్కరరావు స్టేషన్‌కు లాక్కొచ్చాడు. ఆమె కూతురు భాగ్యశ్రీ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని మానుకుని లోకనాథ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఈ సాయంత్రం దాలమ్మను కోర్టులో పెడతారు. ఒకసారి జైలుకు పంపారంటే ఆ ముసలి ప్రాణం నిలవదని కూతురి భయం. ఆ భయం నిన్నటి నుంచీ లోకనాథ్‌కు కూడా అంటుకుంది.

"ఒంట్లోకి పరాయి ప్రోటీన్ ఏదైనా వెళ్తే దాన్ని పట్టుకోవడానికి శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది," అంది సింధూర. "పట్టుకున్నవీ, పట్టుబడినవీ కలిసి ముద్దలు కడతాయి. ఇమ్యూన్ కాంప్లెక్సులంటాం. ఈ మడ్డి అదే. ఇంత మడ్డి కట్టాలంటే ఆ పరాయిది లోపలికెళ్లి వారం పది రోజులైనా కావాలి."

లోకనాథ్ నిటారుగా కూర్చున్నాడు. ఆ సీరం రమణమూర్తి చనిపోయిన రోజు పొద్దున, డయాలసిస్ మెషిన్‌కు తగిలించకముందు తీసిన రక్తానిది. పరీక్షకు పోగా మిగిలింది డయాలసిస్ సెంటర్ ఫ్రిజ్‌లో ఉండిపోతే, వాళ్లను కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం కంచంలోకొచ్చిన చేప పొద్దుటి రక్తంలో మడ్డి కట్టదు కదా.

కానీ భాస్కరరావు దగ్గర కూడా ఒక కాగితం ఉంది. చేపలో హిస్టమిన్ ఎక్కువగా ఉందని ల్యాబు రిపోర్టు. లోకనాథ్ ఆ మాటే అన్నాడు. సింధూర కాదనలేదు. సరిగ్గా ఎండని చేపలో హిస్టమిన్ పుడుతుంది, తింటే దద్దుర్లు రావడం నిజమే అంది. "అయితే అది బయట నుంచి వచ్చిన హిస్టమిన్. మన ఒంట్లోనూ కొన్ని కణాలు దాన్ని సంచుల్లో దాచుకుని ఉంటాయి. ఆ కణాలు కక్కితే హిస్టమిన్‌తో పాటు ట్రిప్టేజ్ అనేది కూడా బయటపడుతుంది. చెడిపోయిన చేప తింటే అది పెరగదు. మీ క్లూస్ టీము స్నేహితుడు పంపిన పోస్టుమార్టం రక్తంలో చూశాను. లెక్కకు అందనంత ఉంది."

"మరి ఆ కణాల చేత కక్కించిందేమిటి?"

"అదే వెతుకుతున్నా." ఆమె మోచేతి మడతలో దూది అంటించి ఉంది. తన రక్తం తీసి, కణాలు కడిగి, రమణమూర్తి సీరంలో నానబెట్టిందట. ఆ సీరంలోని యాంటీబాడీలు ఎక్కాక అవి ఇప్పుడు ఆయన కణాల్లాగే ప్రవర్తిస్తాయి. వాటి మీద అనుమానమున్న వస్తువులను ఒక్కొక్కటే వేసి చూడటం, దేనికి హిస్టమిన్ కక్కితే అదే దొంగ. "ఎండుచేప వేశాను. ఉలుకూ పలుకూ లేదు. రొయ్యకు లేదు. జీడిగింజకు లేదు. ఇంకా కొన్ని ఉన్నాయి. కరెంటు పోకుండా ఉంటే మధ్యాహ్నానికి చెబుతాను."

పైన ఫ్యాను అప్పుడే ఒకసారి ఆగి మళ్లీ తిరిగింది. లోకనాథ్ గుండె కూడా దాంతోపాటే ఆగి తిరిగింది.

పలాస స్టేషన్‌లో భాస్కరరావు ఆయన్ను చూడగానే కుర్చీలో వెనక్కి వాలాడు. ఇద్దరిదీ ట్రైనింగులో ఒకే గది. అప్పట్లో ప్రేమగా మొదలైన బావా అనే పిలుపు ఇప్పుడు వెటకారంలోకి దిగింది.

"ఏటి బావా, పెళ్లి సంబంధాలు తగ్గిపోనాయేటి? నా కేసులో దూరినావు?"

లోకనాథ్ గొట్టాల సంగతి చెప్పాడు. ట్రిప్టేజ్ సంగతీ చెప్పాడు. భాస్కరరావు టీ తాగుతూ వినేసి, చేపలో విషం ఉందని సర్కారు ల్యాబు చెప్పింది, నీ ప్రైవేటు సీసాల కథ జడ్జి గారికి చెప్పుకో అన్నాడు. చచ్చింది మామూలు మనిషి కాదు. తమ్ముడు ఉమాశంకర్‌కు పలాసలో మందుల ఏజెన్సీ ఉంది, పార్టీలో పలుకుబడి ఉంది, పొద్దుట్నుంచీ ఫోన్లే ఫోన్లు.

"కుళ్లిన సేపని తెలిసే అమ్మినాదని ఒప్పుకుంటే తేలిపోద్ది. నోరు విప్పదే," అన్నాడు విసుగ్గా.

"ఆమెతో మాట్లాడనీ."

"మాటాడుకో. సాయంత్రం దాకా నాకేటి నష్టం?"

దాలమ్మ పక్క గదిలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. పక్కనే లేడీ కానిస్టేబుల్. ముసలామె మోకాళ్లు, మణికట్లు వాచి ఉన్నాయి. మెడ మీద, చేతుల మీద దద్దుర్లలాంటి ఎర్రటి బెందులు. లోకనాథ్ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే కాలిపోతోంది. ఇది ఇక్కడికొచ్చాక మొదలైంది కాదట, శనివారం నుంచీ ఉందట. డాక్టరుకు చూపించమని లోకనాథ్ గట్టిగా అడిగితే, స్టేషన్ భయానికి ఒళ్లు వేడెక్కిందని భాస్కరరావు తీసి పారేశాడు గానీ, తన కస్టడీలో ముసలిది గుటుక్కుమంటే ఉద్యోగానికే ఎసరని అతనికీ లోపల బెంగ ఉంది. ఎవరైనా డాక్టరును చూడాలి అని కానిస్టేబుల్‌తో గొణిగాడు.

చేపలు ఎక్కడ ఎండబెట్టావు, ఎన్నాళ్లు ఎండాయి, ఇంకెవరికి అమ్మావు అని లోకనాథ్ ఓపికగా అడిగాడు. అదే బుట్టలోవి పక్కింటివాళ్లూ కొన్నారు, తనూ వండుకు తింది, తన ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఇన్‌స్పెక్టర్ గారికి అదే చెప్పానంది.

"పెల్లయిన కాడ్నుంచీ సేపలమ్ముతన్నాను బాబూ. నా సేప తిని ఎవులూ సావనేదు. మూర్తి బాబు నాకు పేణం లాంటోరు. ఆరికి నానేటి సేత్తాను?" అని, వాచిన చేతులతో కళ్లు తుడుచుకుంది.

లోకనాథ్ బయటికొచ్చాడు. దద్దుర్లు అక్కడ. దద్దుర్లు ఇక్కడ. రెండిటికీ సంబంధం ఉందో లేదో తెలియక బైకెక్కి ఉద్దానం దారి పట్టాడు.

రమణమూర్తి ఇల్లు కొబ్బరితోటల మధ్య, రోడ్డుకు కాస్త ఎడంగా ఉంది. ఆయన భార్య గౌరీశ్వరి అరుగు మీద చాప వేసుకుని కూర్చుంది. మరిది ఉమాశంకర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తెల్లచొక్కా, చేతిలో ఫోను, మొహంలో దుఃఖం ఉండాల్సినంత ఉంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే ఇవేం ప్రశ్నలన్నాడు. అన్నకు న్యాయం జరగాలని మీకు లేదా అని లోకనాథ్ అడిగాక పక్కకు తప్పుకున్నాడు. తప్పుకున్నాడే గానీ అక్కణ్నుంచి వెళ్లలేదు.

లోకనాథ్ ముందు స్థలం చూశాడు. రమణమూర్తి కారు దిగి కూర్చున్న పేము కుర్చీ అరుగు మీదే ఉంది. కుర్చీ వెనక చేతులు కడుక్కునే తొట్టి, దాని కింద నీళ్లు పోయే సన్నటి కాలువ. భోజనాల బల్ల లోపల హాల్లో. పోలీసులు తీసిన కంచం ఫోటో లోకనాథ్ ఫోన్‌లో ఉంది. క్లూస్ టీములో పాత స్నేహితుడు పంపించాడు. దాన్ని పెద్దది చేసి మళ్లీ చూశాడు. అన్నం వడ్డించింది వడ్డించినట్టే కుప్పగా ఉంది. పక్కన చేపముక్కలు చెక్కుచెదరలేదు.

"అమ్మా, ఆయన ముక్క నోట్లో పెట్టుకోవడం మీరు చూశారా?"

గౌరీశ్వరి తల అడ్డంగా ఊపింది. "పెట్టుకోనేదు బాబూ. సెయ్యి కడుక్కొచ్చి బల్ల కాడ కూకున్నారు. అరిసేతులు దురదెడతన్నాయన్నారు. అంతే, లెగిసిపోనారు."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్ గారికి ఎందుకు చెప్పలేదు?"

"ఏటి వడ్డించారని అడిగినారు గానీ, తిన్నారా అని అడగనేదు."

లోకనాథ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంత కేసూ ఆ ఒక్క ప్రశ్న అడగనందుకే చేపల బుట్టలో పడింది. మరి కారు దిగిన దగ్గర్నుంచి భోజనానికి లేచే దాకా ఏం జరిగిందమ్మా అని అడిగాడు. ఏమీ జరగలేదంది. ఎవరైనా వచ్చారా? ఎవరూ రాలేదు. కొత్తగా ఏమైనా తాగారా, మింగారా? లేదు, ఎప్పట్లాగే కూర్చున్నారు.

అప్పటికి ఆయన కాలువ దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. ఎండుటాకు కింద ఏదో మెరిస్తే రుమాలుతో తీశాడు. విరిచి పారేసిన చిన్న గాజు మెడ. ఇంజెక్షన్ పొడిలో కలిపే నీళ్ల సీసా తాలూకుది.

"ఇక్కడ సూది ఎవరు వేశారు?"

"మన త్రినాథే. డయాలసిస్ నుంచి రాగానే వారం వారం వచ్చి రక్తం పెరిగే సూది ఏసి ఎల్తాడు కదా."

"ఎవరూ రాలేదన్నారు?"

గౌరీశ్వరి ఆయన వైపు అమాయకంగా చూసింది. "సూదేసేవోడు కూడా వచ్చినట్టేటి బాబూ?"

తప్పు ఆమెది కాదు. ఈ ఊళ్లలో కిడ్నీల జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి ఎన్నేళ్లుగానో ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. కేంపులంటారు, సర్వేలంటారు, రక్తం తీస్తారు, నీళ్లు పట్టుకుపోతారు. తెల్లకోటు కనిపిస్తే చాలు జనం చొక్కా చెయ్యి పైకి మడిచేస్తారు. పేరడగరు, ఊరడగరు, సిరంజిలో ఏముందని అసలే అడగరు. వచ్చి పాలు పోసి వెళ్లినవాడిని చుట్టంగా ఎలా లెక్కపెట్టరో, సూది పొడిచి వెళ్లినవాడినీ అలాగే లెక్కపెట్టరు. చంపదలుచుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

రక్తం పెరిగే ఇంజెక్షన్ సిరంజిలో నింపే వస్తుంది. దానికి నీళ్లు కలపనక్కర్లేదు. మరి ఈ నీళ్ల సీసా ఎందుకు విరిచినట్టు?

"త్రినాథ్ ఎవరి మనిషి?" అని అడిగాడు, గుమ్మం వైపు చూడకుండా.

"మా మరిది కాడే పనిసేత్తాడు. పలాసలో పోలీస్ స్టేషన్ ఎదురుగా ఆర్‌ఎంపీ డాక్టరని సిన్న క్లినిక్కు కూడా పెట్టుకున్నాడు. మంచోడు."

వెనక ఉమాశంకర్ గొంతు సవరించుకున్నాడు. "వదినా, వారం వారం వేసే సూదే కదా. దాన్ని పట్టుకుని ఈయనేదో అల్లేస్తున్నాడు. డాక్టర్లు రాసిందే వేశాడు."

లోకనాథ్ గౌరీశ్వరి వైపే తిరిగాడు. సింధూర అన్న వారం పది రోజులు బుర్రలో తిరుగుతున్నాయి. ఈ సోమవారం సూది కాదు, అంతకు ముందు ఇంకోటి ఉండాలి. "అంతకు ముందెప్పుడైనా వేరే సూది వేశాడా అమ్మా? మామూలుగా వేసేది కాకుండా?"

వేశాడంది ఆమె. అంతకు ముందు వారం త్రినాథ్ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని కేంపు అని వచ్చాడట. వీధిలో అందరికీ రక్తం తీశారు. రమణమూర్తికి మాత్రం బలానికని ఒక ఇంజెక్షన్ వేశాడు.

"మీకు వెయ్యలేదా?"

"నాకొద్దన్నాను. దాలమ్మ ఏయించుకుంది. బుట్ట దించుకుని ఇక్కడే కూకుంది ఆ పొద్దు. మోకాల్లు లాగుతన్నాయి నాయనా, నాకూ ఒకటెయ్యి అని ఎంటపడింది. ఆడు సేనాసేపు నీల్లు నమిలాడు. అందరూ సూత్తన్నారు కదా, ఆకరికి సీసాలో మిగిలింది ఏసీసినాడు."

వాచిన మోకాళ్లు, కాలిపోతున్న ఒళ్లు, మెడ మీద బెందులు ఒక్కసారి లోకనాథ్ కళ్ల ముందుకొచ్చాయి. స్టేషన్‌లో కూర్చున్నది ముద్దాయి కాదు. సాక్షి. సాక్షి మాత్రమేనా? ఆమె ఒంట్లో పారుతున్న రక్తమే ఈ హత్యకు రుజువు. ఆ ఉద్వేగంలో, ఎవరు వింటున్నారో కూడా చూసుకోకుండా నోరు జారాడు.

"దాలమ్మ రక్తం తీయించాలి. ఈ పూటే."

అన్నాక గానీ గుమ్మం దగ్గర మనిషి ఉన్నాడని గుర్తు రాలేదు. తలతిప్పి చూస్తే ఉమాశంకర్ ఫోన్ చెవికి పెట్టుకుని పెరట్లోకి నడుస్తున్నాడు. ఎవరికో ముక్తసరిగా నాలుగు మాటలు చెప్పి, తిరిగొచ్చి, మంచినీళ్లు తాగుతారా అని మర్యాదగా అడిగాడు. అప్పటి నుంచీ అతను ఒక్క ప్రశ్నకూ అడ్డు తగల్లేదు. లోకనాథ్‌కు అదే నచ్చలేదు.

గౌరీశ్వరిని ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. అన్నదమ్ముల మధ్య గొడవలున్నాయా అంటే, ఆమె గొంతు తగ్గించి, రోడ్డు పక్క జీడితోటను ఊరి మంచినీళ్ల ప్లాంటుకు రాసిచ్చేస్తానని మూర్తి గారు పట్టుపట్టారనీ, ఆ రోజు నుంచీ మరిది ఈ ఇంట్లో భోంచేయడం మానేశాడనీ చెప్పింది. ఆ మాట పూర్తయ్యేలోపు లోకనాథ్ ఫోన్ మోగింది. సింధూర.

"దొరికింది," అంది. "కణాలు దేనికి కక్కాయో తెలుసా? గుర్రానికి."

"ఏమిటీ?"

"గుర్రం రక్తంలోని ప్రోటీన్‌కి. ఆయన సీరంలో మడ్డిని విడగొట్టి చూస్తే అందులోనూ అదే ఉంది. మన దగ్గర గుర్రం ప్రోటీన్ మనిషి రక్తంలోకి వచ్చే ముఖ్యమైన దారి ఒక్కటే లోకనాథ్ గారూ. పాముకాటు మందు. దాన్ని గుర్రాలకు విషమెక్కించి వాటి రక్తం నుంచే తీస్తారు. పొడిగా వస్తుంది, నీళ్లు కలిపి ఇస్తారు. ఆయన్ని పాము కరిచిందా?"

పాము కరవలేదు. జీడితోటలున్న ఈ చుట్టుపక్కల పాముకాటు మందు లేని మందుల ఏజెన్సీ ఉండదు. దాంతో మనుషుల్ని బతికిస్తారు. మొదటిసారి వేసి ఒంటికి పగ నేర్పించి, అది ముదిరాక రెండోసారి వేసి చంపవచ్చని ఎవడికి తడుతుంది? మందుల్లో మునిగి తేలేవాడికి తడుతుంది.

లోకనాథ్ అరుగు దిగి దూరంగా నడిచాడు. "మొదటి సూది వేయించుకున్న మనిషి ఇంకొకరు బతికుంటే?"

"వాళ్లకు ఈపాటికి జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు మొదలై ఉండాలి. తగ్గిపోతాయి, భయం లేదు. కానీ ఆ మందు రెండోసారి ఒంట్లోకి వెళ్లకూడదు. చుక్క కూడా."

పెరట్లో ఉమాశంకర్ మాట్లాడిన నాలుగు మాటలూ ఎవరితోనో లోకనాథ్‌కు అప్పుడు అర్థమైంది. భాస్కరరావు నంబర్ నొక్కాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ నొక్కాడు. ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"ఏటి బావా, పని సేసుకోనివ్వవా?"

"ముసలామెకు ఎవరి చేతా సూది వేయించకు. ఎవరొచ్చినా సరే."

"నువ్వే కదా దానికి ఒంట్లో బాగోనేదని పొద్దున్న గోల సేసినావు. ఎదురు క్లినిక్కు త్రినాథ్ వచ్చి సూసినాడు. ఉమాశంకర్ గారే పంపారు, దాని మీద కోపమున్నా మనిషి ప్రాణం కదా అని. పెద్దమనిషి."

"సూది వేశాడా?"

"ఇప్పుడే. ఏసి ఎల్లిపోనాడు."

లోకనాథ్ కళ్లు మూసుకున్నాడు. నోరు జారింది తను. తన నోటి మాట పలాస దాకా వెళ్లి ఆ ముసలి చేతిలో గుచ్చుకుంది. "భాస్కరం, విను. రమణమూర్తిని చంపింది ఆ సూదే. ఆమె ఏం చేస్తోంది చూడు. చేతులు చూడు."

కుర్చీ జరిపిన చప్పుడు. బూట్ల చప్పుడు. తర్వాత వచ్చిన గొంతులో బావ లేడు, వెటకారం లేదు.

"లోకనాథ్... అరిసేతులు గోక్కుంటంది."

"జీపెక్కించు. పెద్దాస్పత్రికి. అడ్రినలిన్ అని చెప్పు, తొడకివ్వమను. వెంటనే. ఎవరినీ అడగొద్దు, రాయించొద్దు, పరిగెత్తు."

భాస్కరరావు ఫోన్ కట్ చెయ్యడం మరిచిపోయాడు. కేకలు వినిపించాయి, ఎవరో తలుపు తన్నారు, జీపు స్టార్టయింది. అరుగు మీద ఉమాశంకర్ కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ లేచి నిలబడ్డాడు. లోకనాథ్ వెళ్లి అతని దారికి అడ్డంగా నిలబడ్డాడు గానీ, చెవి దగ్గర ఫోన్ మాత్రం తియ్యలేకపోయాడు.

"మొకం వాసిపోతంది లోకనాథ్," అంటున్నాడు అటు నుంచి భాస్కరరావు, హారన్ల మధ్య. "పిలుత్తుంటే పలకట్లేదు."

నిన్నటి నుంచీ నోరు విప్పమని ఆ ముసలామెను కసిరినవాడే ఇప్పుడు జీపులో ఆమె తల ఒళ్లో పెట్టుకుని బతిమాలుతున్నాడు.

"అమ్మా, దాలమ్మా. ఒక్క మాట మాటాడమ్మా. ఏదో ఒకటి మాటాడు."

లోకనాథ్ ఫోన్ చెవికి అదుముకుని విన్నాడు. జీపు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.